ఓపెన్ సోర్స్ డాక్స్‌కి డబ్బులు ఎలా తేవాలి, తెచ్చాక ఎలా ఖర్చు పెట్టాలి

మీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కి డాక్స్ (ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్) సరిగ్గా లేవు, రాయడానికి ఒకరిద్దరు వాలంటీర్లు ఉన్నారు గానీ వాళ్ళకి టైం దొరకట్లేదు, కాస్త డబ్బులుంటే పని కదుల్తుందేమో అనిపిస్తోంది, అలాంటి వాళ్ళ కోసం రాస్తున్నా. కంపెనీ తరఫునో సొంతంగానో ఇద్దాం అనుకునేవాళ్ళకీ పనికొస్తుంది. ఒక మాట ముందే చెప్పేస్తా, కింద రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి. డాక్స్‌కి డబ్బులు అనగానే అందరికీ రాసే మనిషే గుర్తొస్తాడు, కానీ చాలా ప్రాజెక్టుల్లో పని ఆగేది రాసింది చదివి "ఇది కరెక్ట్, ఇది తప్పు, ఈ ఆప్షన్ ఎప్పుడో తీసేశాం" అని చెప్పాల్సిన మనిషి దగ్గర. రివ్యూకి ఎంత, ఆ తర్వాత ఏడాది పాటు ఆ పేజీల్ని చూసుకోడానికి ఎంత అనేది మొదట్లోనే పక్కన పెట్టకపోతే మిగతా డబ్బంతా ఓపెన్‌గా పడున్న పుల్ రిక్వెస్టుల్లోకి, అంటే ప్రాజెక్ట్‌లో కలపమని పంపి ఎవరూ చూడని మార్పుల్లోకి పోతుంది.

సమస్య ఎవరికీ తెలీనిది కాదు. కోడ్ దాచి పంచుకునే సైట్ గిట్‌హబ్ 2017లో చేసిన ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ అరకొరగా ఉండటం, పాతబడిపోవడం అంతటా కనిపించే సమస్యే అన్నారు, అదే సర్వేలో కంట్రిబ్యూటర్లలో 60 శాతం మంది మాత్రం డాక్స్ పని ఎప్పుడో ఒకసారి తప్ప చెయ్యం, లేదా అసలే చెయ్యం అన్నారు. అంటే అందరికీ కావాలి, చేసేవాళ్ళు తక్కువ. ఇలాంటి చోటే డబ్బు నిజంగా తేడా తెస్తుంది, కాకపోతే ఎలా పెట్టామన్నదే ముఖ్యం.

ముందు దేనికి అడుగుతున్నారో తేల్చుకోండి

"మా డాక్స్ బాగుచెయ్యాలి" అని రాస్తే ఎవరూ డబ్బులివ్వరు, ఇచ్చినా ఆ పని ఎప్పుడు అయిపోయిందో మీకే తెలీదు. కాబట్టి ఒక వారం పది రోజులు రాయడం పక్కనపెట్టి వెతకండి. ఇష్యూ ట్రాకర్‌లో (వాడేవాళ్ళు తప్పులు, సందేహాలు రాసే చోటు) మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు, చాట్ చానెల్‌లో ప్రతి కొత్త మనిషీ అడిగేది, స్టాక్ ఓవర్‌ఫ్లోలో మీ ప్రాజెక్ట్ ట్యాగ్ కింద ఎక్కువ ఓట్లు పడ్డ ప్రశ్నలు, డాక్స్ సైట్‌లో జనం సెర్చ్ చేసి ఏమీ దొరకని పదాలు, ఇవన్నీ ఒక చోట రాసుకోండి. తర్వాత ప్రాజెక్ట్ గురించి ఏమీ తెలియని ఒకరిద్దర్ని కూర్చోబెట్టి, మీరు నోరు మెదపకుండా, ఉన్న డాక్స్ మాత్రమే చూసి ఇన్‌స్టాల్ చేసి మొదటి పని పూర్తి చెయ్యమనండి. వాళ్ళు ఎక్కడ ఆగారో, ఎక్కడ వేరే ట్యాబ్ తెరిచి గూగుల్ చేశారో, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఈ కాగితం చాలా విలువైనది, ఎందుకంటే రేపు డబ్బులు అడిగేటప్పుడు చూపించాల్సింది ఇదే, పని అయ్యాక నిజంగా ఏమైనా మారిందా అని పోల్చుకోవాల్సిందీ దీనితోనే.

లిస్ట్ వచ్చాక ఏది ఏ రకం పేజీయో విడదియ్యండి. డానియెలే ప్రోచిడా ప్రచారంలోకి తెచ్చిన డయాటాక్సిస్ పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది, డాక్స్‌ని నాలుగు రకాలుగా చూడమంటుంది: చెయ్యి పట్టుకుని నేర్పే ట్యుటోరియల్, ఒక పని ఎలా చెయ్యాలో చెప్పే గైడ్, వివరాలన్నీ ఉండే రిఫరెన్స్, ఎందుకిలా కట్టారో చెప్పే వివరణ. ఇలా విడదీస్తే లాభం ఏంటంటే, ఏ పని బయటి రైటర్ చెయ్యగలడో, ఏది కోడ్ రాసినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరో కనబడిపోతుంది. ట్యుటోరియల్ బయటి మనిషి రాస్తేనే బాగుంటుంది, ఎందుకంటే తడబడే చోట్లు ఆ మనిషికి కనిపిస్తాయి, అదే ఆర్కిటెక్చర్ వివరణ అయితే మెయింటైనర్‌తో, అంటే ప్రాజెక్ట్‌ని నడిపే మనిషితో, గంటల తరబడి మాట్లాడితే గానీ రాదు, దాని ఖర్చు వేరేగా లెక్కెయ్యాలి. అందులోంచి ఒక్క ముక్క తీసుకోండి. "ఇన్‌స్టాలేషన్ నుంచి మొదటి రన్ దాకా కొత్త ట్యుటోరియల్, పాత వెర్షన్‌కి సంబంధించిన పేజీలు తీసెయ్యడం, అప్‌గ్రేడ్ గైడ్ ఒకటి", అంతే. ఏమి చెయ్యట్లేదో కూడా రాయండి, లేదంటే మధ్యలో ఎవరో ఒకరు వచ్చి ఏపీఐ రిఫరెన్స్ (వేరే ప్రోగ్రాముల నుంచి మీ సాఫ్ట్‌వేర్‌ని పిలిచే పద్ధతుల జాబితా) కూడా ఇందులోనే కలిపెయ్యమంటారు.

డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది

మొదట డబ్బు తీసుకోడానికి ఒక చోటుండాలి. మెయింటైనర్ సొంత బ్యాంక్ అకౌంట్‌లోకి తీసుకోవద్దు, టాక్స్ ఆ మనిషి నెత్తిన పడుతుంది, లెక్కలు బయట ఎవరికీ కనబడవు, తర్వాత అనుమానాలు మొదలవుతాయి. దీనికోసమే ఫిస్కల్ హోస్టులున్నాయి, అంటే మీ తరఫున డబ్బు తీసుకుని, దాచి, మీరు ఓకే అన్న బిల్లులు చెల్లించే సంస్థలు. ఓపెన్ కలెక్టివ్ ప్లాట్‌ఫామ్ మీద ఓపెన్ సోర్స్ కలెక్టివ్ అనే హోస్ట్ ఉంది, వచ్చిన దాంట్లో 10 శాతం తీసుకుంటుంది, వచ్చిన ప్రతి డాలరూ పోయిన ప్రతి డాలరూ పబ్లిక్‌గా కనిపిస్తుంది, వాలంటీర్లున్న ప్రాజెక్ట్‌కి ఇది చాలా మంచిది. పేరు దగ్గరగా ఉన్నా ఓపెన్ కలెక్టివ్ ఫౌండేషన్ వేరే సంస్థ, అది 2024లో మూసేస్తున్నట్టు ప్రకటించింది, కాబట్టి పాత గైడ్లు చదివి అటు వెళ్ళకండి. ప్రాజెక్ట్ పెద్దదైతే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ, సైంటిఫిక్ సాఫ్ట్‌వేర్ అయితే నమ్‌ఫోకస్ లాంటివి చూడండి, వాటిలో చేరడానికి టైం పడుతుంది. గిట్‌హబ్ స్పాన్సర్స్ 2019 నుంచి ఉంది, రిపాజిటరీలో (ప్రాజెక్ట్ ఫైళ్ళన్నీ ఉండే చోటు) ఫండింగ్ డాట్ వైఎంఎల్ ఫైల్ పెడితే స్పాన్సర్ బటన్ కనిపిస్తుంది, అయిదు నిమిషాల పని, కానీ ఆ బటన్ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఇచ్చేవాళ్ళ సంగతి. డాక్స్ కోసమే పెట్టిన ప్రోగ్రామ్‌గా బాగా పేరు తెచ్చుకున్నది గూగుల్ సీజన్ ఆఫ్ డాక్స్, 2019లో మొదలైంది. మొదటి రెండేళ్ళు గూగులే టెక్నికల్ రైటర్లకి స్టైపెండ్ ఇచ్చేది, 2021 నుంచి పద్ధతి మార్చి 5,000 నుంచి 15,000 డాలర్ల వరకు గ్రాంట్ ప్రాజెక్ట్‌కే ఇచ్చి రైటర్‌ని మీరే వెతుక్కోండి అంది, చివర్లో ఏం జరిగిందో కేస్ స్టడీ రాసివ్వాల్సి ఉండేది. మీరు వేరే చోట అప్లై చేస్తున్నా సరే ఆ పాత కేస్ స్టడీలు, ప్రపోజల్స్ చదవండి, బడ్జెట్ ఎలా విడగొట్టారో, ఎక్కడ లేటయిందో నేర్చుకోడానికి అంతకంటే మంచి మెటీరియల్ నాకు కనబడలేదు. అవుట్‌రీచీ ఇంటర్న్‌షిప్పుల్లో డాక్యుమెంటేషన్ పనీ ఉంటుంది, ఇంటర్న్‌కి 7,000 డాలర్ల స్టైపెండ్, మూడు నెలలు, కానీ మెంటర్ మీవైపు నుంచి ఉండాలి, అది చిన్న పని కాదు. నెదర్లాండ్స్‌లోని ఎన్‌ఎల్‌నెట్ ఫౌండేషన్ 5,000 నుంచి 50,000 యూరోల దాకా ఇస్తుంది, అక్కడ డాక్స్ ఒక్కటే పెట్టేకంటే సాఫ్ట్‌వేర్ పనిలో భాగంగా డాక్స్ మైల్‌స్టోన్ పెడితే సహజంగా ఉంటుంది. 2024లో మొదలైన ఫ్లాస్ ఫండ్ ఏడాదికి 10 లక్షల డాలర్లు పంచుతానని వచ్చింది, దానికి ప్రాజెక్ట్ రిపాజిటరీలోనో సైట్‌లోనో ఫండింగ్ డాట్ జేసన్ అనే ఫైల్‌లో మీకేం కావాలో రాసి పెట్టాలి. ఈ ప్రోగ్రాముల రూల్స్ ఏటా మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే రోజున వాళ్ళ పేజీ మొత్తం చదివి మొదలుపెట్టండి.

గ్రాంట్లకన్నా నేను ఎక్కువ నమ్మేది మీ సాఫ్ట్‌వేర్ వాడుకుని బతికే కంపెనీల్ని. 2020 ఆగస్టులో మొజిల్లా దాదాపు 250 మందిని తీసేసినప్పుడు, వెబ్ డెవలపర్లందరూ రోజూ తెరిచే ఎండీఎన్ డాక్స్ టీంకి కూడా గట్టి దెబ్బ తగిలింది. 2021 జనవరిలో ఓపెన్ వెబ్ డాక్స్ అనే గ్రూప్ మొదలై, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఇగాలియా లాంటి కంపెనీల దగ్గర ఓపెన్ కలెక్టివ్ ద్వారా డబ్బు తీసుకుని రైటర్లకి జీతాలిచ్చి పని కొనసాగించింది. లైనక్స్ మ్యాన్ పేజీల (లైనక్స్‌తో పాటే వచ్చే మాన్యువల్) కథ ఇంకా సూటిగా ఉంటుంది, 2024 సెప్టెంబర్‌లో వాటి మెయింటైనర్ నేను ఖాళీ టైంలో చేస్తున్నా, ఏ కంపెనీ స్పాన్సర్ చెయ్యట్లేదు, ఇంక నావల్ల కాదు ఆపేస్తున్నా అని బయటికి చెప్పాకే లైనక్స్ ఫౌండేషన్ ద్వారా కొన్ని కంపెనీలు కలిసి ఆ పనికి డబ్బు పెట్టాయి. పని ఆగిపోయేదాకా ఆగకుండా ముందే అడగండి. అడిగేటప్పుడు కమ్యూనిటీ కోసం సాయం చెయ్యండి అని కాకుండా, "మీ ఇంజినీర్లు మా ట్రాకర్‌లో ఈ ప్రశ్నలే పదే పదే అడిగారు, ఈ మూడు పేజీలొస్తే అవి తగ్గుతాయి, ఇంత ఖర్చవుతుంది, ఈ తేదీకి అయిపోతుంది" అని చెప్పండి. మార్కెటింగ్ వాళ్ళకి మెయిల్ పెట్టొద్దు, మీ ప్రాజెక్ట్ వాడే ఇంజినీరింగ్ మేనేజర్‌ని పట్టుకోండి, ఆ నొప్పి తెలిసింది వాళ్ళకే.

బడ్జెట్

ఒక ఊహా లెక్క వేద్దాం, చేతికి 6,000 డాలర్లు వచ్చాయనుకోండి. ఫిస్కల్ హోస్ట్ 10 శాతం అంటే 600 పోతుంది, మిగిలేది 5,400. ఇందులో రాసేవాళ్ళకి 3,200, రివ్యూ చేసే ఒకరిద్దరికి 1,000, కొత్తవాళ్ళని కూర్చోబెట్టి ముందూ వెనకా టెస్ట్ చేయించడానికి 300, తర్వాత 12 నెలలు ఆ పేజీల్ని చూసుకునే మనిషికి నెలకి 75 చొప్పున 900. ఈ అంకెలు మీవి కాకపోవచ్చు, కానీ ఆ చివరి రెండు మూడు లైన్లు మాత్రం తీసెయ్యకండి. 3,200 చూసి ఇంకో 1,000 కలిపితే ఇంకో గైడ్ వస్తుంది కదా అనిపిస్తుంది, ఆ 1,000 రివ్యూ దగ్గర నుంచే తీస్తారు, తర్వాత రైటర్ మూడు వారాలు ఒక్క కామెంట్ కోసం కూర్చుంటారు, ఈలోగా వేరే పనిలోకి వెళ్ళిపోతారు. డబ్బు పంపడానికయ్యే ట్రాన్స్‌ఫర్ చార్జీలు, కరెన్సీ మార్పిడి కూడా మీ లెక్కలోనే పెట్టుకోండి, రాసేవాళ్ళ డబ్బులోంచి కొయ్యొద్దు.

వాలంటీర్లకి డబ్బు ఇవ్వడం అనే సున్నితమైన విషయం

ఇక్కడే ఎక్కువ గొడవలొస్తాయి. ఏళ్ళ తరబడి ఉచితంగా చేస్తున్నవాళ్ళ మధ్యలో ఒకరికి డబ్బిస్తే మిగతావాళ్ళకి ఎలా అనిపిస్తుంది? లైనక్స్ ఆధారంగా వాలంటీర్లు నడిపే డెబియన్ ప్రాజెక్ట్‌లో 2006లో ఇది జరిగింది. డంక్ ట్యాంక్ అనే ప్రయత్నంలో ఇద్దరు రిలీజ్ మేనేజర్లు ఒక్కో నెల ఫుల్ టైం పనిచెయ్యడానికి తలా 6,000 డాలర్లు ఇద్దామనుకున్నారు, రిలీజ్ టైంకి రావాలనే ఉద్దేశంతోనే. కానీ ప్రాజెక్ట్‌లో పెద్ద వాదన నడిచింది, కొంతమంది తమ పని తగ్గించుకున్నారు, డిసెంబర్‌లో రావాల్సిన ఎచ్ అనే కొత్త వెర్షన్ 2007 ఏప్రిల్‌లో వచ్చింది. ఆలస్యం మొత్తం దానివల్లే అని నేను అనను, అయితే మంచి ఉద్దేశంతో ఇచ్చిన డబ్బు కూడా మనుషుల్ని దూరం చెయ్యగలదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

దీనికి నాకు తెలిసిన మందు, ఎవరికి ఎంత ఎందుకు అనేది ఇవ్వకముందే అందరికీ కనబడేలా రాసి అభ్యంతరాలకి రెండు వారాలు టైమివ్వడం. ఒకే పనికి ఒకే రేటు పెట్టండి. ఇప్పటికే డాక్స్ రాస్తున్న వాలంటీర్లని ముందు అడగండి, బయటి మనిషి తర్వాత, వాళ్ళు డబ్బు వద్దంటే ఆ మాటకి గౌరవం ఇవ్వండి, కొందరికి స్టూడెంట్ వీసా వల్లో ఉద్యోగ ఒప్పందం వల్లో తీసుకోవడం కుదరకపోవచ్చు కూడా. అన్నిటికంటే ముఖ్యం, వాలంటీర్లు ఇష్టంగా చేసే పనికి కాకుండా ఎవరూ చెయ్యడానికి ముందుకు రాని పనికి డబ్బు పెట్టండి. పాత స్క్రీన్‌షాట్లు మార్చడం, విరిగిన లింకులు, ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కి పేజీలన్నీ తరలించడం, మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్న ఇన్‌స్టాల్ స్టెప్పుల్ని ఒకటి చెయ్యడం, ఇలాంటివి. వీటికి ఎవరికైనా డబ్బిస్తే మిగతావాళ్ళు థాంక్స్ చెప్తారు, అలిగే అవకాశం తక్కువ. చేతికి డబ్బివ్వడం ఇబ్బందనిపిస్తే ఖర్చులు భరించండి, డాక్స్ స్ప్రింట్‌కి ప్రయాణం, హోస్టింగ్, టెస్ట్ చెయ్యడానికి కావాల్సిన పరికరం.

పుల్ రిక్వెస్ట్‌కి ఇంత, పేజీకి ఇంత అని మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపమని ఏటా అక్టోబర్‌లో ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో, నాలుగు పుల్ రిక్వెస్టులకి ఒక టీ షర్ట్ అంటేనే జనం వేల ప్రాజెక్టుల రీడ్‌మీ (పరిచయం) ఫైళ్ళలో ఒక మాట కలిపి పంపేశారు, మెయింటైనర్లు తలలు పట్టుకున్నారు, నడిపే డిజిటల్ ఓషన్ వాళ్ళు ఆ నెల మొదట్లోనే రూల్ మార్చి ఒప్పుకున్న ప్రాజెక్టులకే లెక్క అన్నారు. టీ షర్ట్‌కే అంత జరిగితే డబ్బుకి ఎంత జరుగుతుందో చూడండి, అందులోనూ డాక్స్‌లో మంచి పని చాలాసార్లు పేజీలు తగ్గించడమే.

ఒప్పందం

ఒక పేజీ చాలు, కానీ రాతలో ఉండాలి. ఏం రాస్తారు, ఎప్పటికి, "అయిపోయింది" అంటే ఏంటి, ఎవరు ఓకే అనాలి, ఎంత, ఎలా చెల్లిస్తారు, లైసెన్స్ ఏంటి. లైసెన్స్ మర్చిపోతుంటారు, డాక్స్ టెక్స్ట్‌కి క్రియేటివ్ కామన్స్ బై (రాసినవాళ్ళ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు) లాంటిది, అందులోని కోడ్ ముక్కలకి ప్రాజెక్ట్ లైసెన్స్ అని మొదట్లోనే తేల్చుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు. చెల్లింపు మూడు ముక్కలు చెయ్యండి, అవుట్‌లైన్ ఓకే అయినప్పుడు ఒకటి, మొదటి డ్రాఫ్ట్ వచ్చినప్పుడు ఒకటి, రివ్యూ మార్పులు చేసి ఇచ్చినప్పుడు చివరిది. "మెర్జ్ అయ్యాకే (ప్రాజెక్ట్‌లో కలిసాకే) డబ్బు" అని రాయకండి, దయచేసి. మెర్జ్ బటన్ మీ చేతిలో ఉంటుంది, రాసిన మనిషి చేతిలో ఉండదు, మీ మెయింటైనర్ సెలవులో ఉంటే ఆ మనిషికి డబ్బు ఎందుకు ఆగాలి? డ్రాఫ్ట్ ఇచ్చాక ఇన్ని రోజుల్లో మీవైపు నుంచి జవాబు రాకపోతే ఆ ముక్క డబ్బు వెళ్ళిపోవాలి అని రాసుకోండి, అప్పుడు రివ్యూ చేసేవాళ్ళకి కూడా తేదీ గుర్తుంటుంది.

పని నడిపేటప్పుడు

రివ్యూ చేసేది ఎవరో పేరుతో సహా ముందే తేల్చండి, "టీం చూస్తుంది" అంటే ఎవరూ చూడరు. ఇద్దరుంటే మేలు, ఒకరు టెక్నికల్‌గా తప్పుల కోసం, ఇంకొకరు చదివితే అర్థమవుతుందా అని, ఇద్దరూ ఒకే కామా గురించి కామెంట్లు పెట్టకుండా ఉంటారు. రైటర్ మొదటి వారం ఏమీ రాయకుండా మీ సాఫ్ట్‌వేర్ వాడి ఎక్కడెక్కడ ఇబ్బంది పడ్డారో డైరీలా రాసిస్తే దానికీ డబ్బివ్వండి, ఆ కొత్త కళ్ళు మళ్ళీ రావు, రెండు వారాల్లో వాళ్ళకీ అంతా అలవాటైపోతుంది. గిట్ (ఫైళ్ళ మార్పుల్ని నమోదు చేసే టూల్) రాని మంచి రైటర్లు చాలామంది ఉంటారు, మొదటి డ్రాఫ్ట్ షేర్డ్ డాక్యుమెంట్‌లో తీసుకుని మీరే రిపాజిటరీలో పెట్టుకోండి, మెల్లగా నేర్పండి. ప్రతి పుల్ రిక్వెస్ట్‌కి ప్రివ్యూ పేజీ తయారయ్యేలా పెట్టుకుంటే రివ్యూ చేసేవాళ్ళకి సగం శ్రమ తగ్గుతుంది, రీడ్ ద డాక్స్ లాంటి సర్వీసులో ఈ సౌకర్యం ఉంది. టెంప్లేట్లు మీరు తయారుచేసుకోనక్కర్లేదు, గుడ్ డాక్స్ ప్రాజెక్ట్ వాళ్ళవి ఉన్నాయి. రైటర్లని వెతకాలంటే 2013 నుంచి నడుస్తున్న రైట్ ద డాక్స్ కమ్యూనిటీలో అడగండి, అడిగేటప్పుడు ఎంత ఇస్తారో రాయండి, అంకె లేని ప్రకటన పెట్టి జనం టైం తినొద్దు.

అనువాదాలకి డబ్బు పెడదామనే ఆలోచన వస్తే నేను చెప్పేది ఒక్కటే, మూలం పేజీ కుదురుకున్నాకే చెయ్యండి, లేకపోతే ప్రతి రిలీజ్‌కీ పది భాషల్లో పాత సమాచారం మిగులుతుంది, పాత సమాచారం అసలు లేకపోవడం కంటే ఎక్కువ హాని చేస్తుంది.

పని అయ్యాక

మొదట చేసిన పరీక్షే మళ్ళీ చెయ్యండి, కొత్త మనుషులతో, కొత్త పేజీలతో. ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగారు, ట్రాకర్‌లో ఆ ప్రశ్న ఇంకా వస్తోందా. పేజీ వ్యూస్ చూపించి సంబరపడకండి, జనం అర్థంకాక నాలుగు సార్లు తెరిచినా వ్యూస్ పెరుగుతాయి. ఈ ఫలితం, ఖర్చుల లెక్కతో కలిపి ఒక రిపోర్ట్‌గా అందరికీ కనబడేలా పెట్టండి, అనుకున్నట్టు జరగనిది కూడా రాయండి, తర్వాత డబ్బిచ్చేవాళ్ళు దాన్నే చదువుతారు. నెలకి 75 అని పెట్టుకున్న ఆ మనిషి పని ఇక్కడ మొదలవుతుంది, ప్రతి రిలీజ్ ముందు ట్యుటోరియల్ మొత్తం ఒకసారి చేసి చూడాలి, సీఐలో (ప్రతి మార్పుకీ దానంతట అదే నడిచే పరీక్షలు) లింక్ చెకర్ నడుస్తోందో లేదో చూడాలి, ఏ ఫోల్డర్ ఎవరు చూస్తారో రాసే కోడ్ ఓనర్స్ ఫైల్‌లో డాక్స్ ఫోల్డర్ ఎదురుగా ఆ మనిషి పేరుండాలి. 12 నెలలు అయ్యే రెండు నెలల ముందే తర్వాతి ఏడాది డబ్బు ఎక్కడ నుంచి అని స్పాన్సర్లకి రాయండి.

ఇవన్నీ చదివి మా దగ్గర రివ్యూ చేసే మనిషే లేడు అనిపిస్తే, గ్రాంట్‌కి ఇప్పుడే అప్లై చెయ్యకండి. ముందు 300 డాలర్లతో చిన్నగా మొదలుపెట్టండి, ఒకే ఒక్క పేజీ, ఒక రైటర్, ఒక రివ్యూయర్, ఇద్దరికీ డబ్బు, రెండు వారాలు. అది టైంకి మెర్జ్ అయితే పెద్ద ప్రపోజల్ రాయండి, ఆ పేజీ లింక్ అందులో మొదటి లైన్‌లో పెట్టండి.